రక్తంలో ఫంగస్: రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ముప్పును ముందే లెక్క కట్టండి

కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, మెడికల్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, ఐసీయూ, మైక్రోబయాలజీ విభాగాల పెద్దలకు, వైద్య విద్య సంచాలకుల వారికి నమస్కారం.

నేను కర్నూలులో మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేస్తాను. ఐసీయూల నుంచి వచ్చే రక్తం సీసాలు చూడటం, వాటిలో ఏం పెరిగిందో వార్డుకు చెప్పడం నా రోజువారీ పని. మీలో కొందరు నాకు పాఠం చెప్పినవాళ్లు, కొందరు నాతో చదువుకున్నవాళ్లు. ఇన్నాళ్లూ ఫోన్లలో, కారిడార్లలో మాట్లాడుకున్న విషయాన్ని ఇప్పుడు అందరి ముందూ పెట్టడానికి కారణం ఉంది. ఇది డాక్టర్ల మధ్యనే తేలిపోయే సంగతి కాదు. మందులు కొనేవాళ్లకు తెలియాలి, నిధులిచ్చేవాళ్లకు తెలియాలి, ఐసీయూ బయట చాప పరుచుకుని కూర్చున్న పేషెంటు తాలూకు వాళ్లకూ తెలియాలి.

అడిగేది ఒక్కటే. మన ఐసీయూల్లో మూడు రోజులు దాటి ఉన్న ప్రతి పేషెంటుకూ రక్తంలోకి ఫంగస్ చేరే ముప్పు ఎంతుందో రోజూ లెక్క కట్టండి. ఆ లెక్క మన పేషెంట్ల విషయంలో నిజమవుతోందో లేదో మూడు ఆసుపత్రులూ కలిసి ఒక ఏడాది పాటు చూడండి. సాఫ్ట్‌వేర్లు కొనడం ఆ తర్వాతి మాట.

ఈ రంగంలో లేనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. ఇలా రక్తంలోకి చేరే ఫంగస్ ఎక్కువగా కాండిడా. అది ఈస్టు రకం. మన నోట్లో, పేగుల్లో, చర్మం మీద కొద్దోగొప్పో ఉంటూనే ఉంటుంది. నడిచి తిరిగే మనిషిని అది ఏమీ చేయదు. ఐసీయూలో చేరాక పరిస్థితి మారుతుంది. మెడ దగ్గరో తొడ దగ్గరో పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ అనే సన్నటి గొట్టం వేస్తాం. చర్మం మీదున్న ఫంగస్‌కు అది నేరుగా రక్తంలోకి దారి. మెరోపెనెమ్, పైపరాసిలిన్ లాంటి హయ్యర్ యాంటీబయాటిక్స్ రోజుల తరబడి పడితే పేగుల్లోని బ్యాక్టీరియా చచ్చి, కాండిడా విపరీతంగా పెరుగుతుంది. పేగుకు చిల్లు పడి ఆపరేషన్ అయితే ఆ పెరిగింది కడుపు కుహరంలోకి, అక్కడి నుంచి రక్తంలోకి పోతుంది. డయాలసిస్, స్టెరాయిడ్లు, అదుపులో లేని షుగర్, తెల్ల రక్తకణాలు పడిపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, ఇవన్నీ దానికి కలిసొచ్చేవే. ఒకసారి రక్తంలో చేరిందంటే కంట్లోకి, గుండె కవాటాల మీదికి, కిడ్నీల్లోకి, వెన్నెముకలోకి వెళ్లగలదు.

దీనికంటూ ప్రత్యేకమైన లక్షణం ఏదీ ఉండదు. యాంటీబయాటిక్స్ పడుతున్నా జ్వరం దిగదు. బీపీ జారుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. బ్యాక్టీరియా వల్ల వచ్చే సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి, కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అందుకే డ్యూటీ డాక్టరు చేయి ముందుగా ఇంకో యాంటీబయాటిక్ మీదికి పోతుంది. అది వేసిన కొద్దీ ఫంగస్‌కు ఇంకా బలం.

మన దేశంలో ఇది అరుదేమీ కాదు. 27 ఐసీయూల్లో 2011, 2012 సంవత్సరాల్లో చేసి, 2015లో ప్రచురించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. ఐసీయూలో చేరిన ప్రతి వెయ్యి మందిలో ఆరేడుగురికి రక్తంలో కాండిడా కనిపించింది. మొత్తం 1400 కేసులు. 30 రోజుల్లో చనిపోయినవాళ్లు నూటికి 44 మందికి పైనే. ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఈ చావుల లెక్క కాదు, ఇంకో రెండు సంగతులు. ఒకటి, ఇన్ఫెక్షన్ బయటపడింది సగటున ఐసీయూలో చేరిన ఎనిమిదో రోజుకే. నాలుగో రోజుకే బయటపడ్డ వాళ్లూ తక్కువేం కాదు. రెండోది, చేరిన రోజున మరీ విషమంగా లేనివాళ్లకు కూడా వచ్చింది. అంటే "ఈయన బాగానే ఉన్నాడు, ఇంకా టైముంది" అనుకునే మంచం దగ్గరే అది మొదలవుతోంది.

రాయలసీమ పెద్దాసుపత్రులకు వచ్చే రోగుల్ని ఒకసారి తలుచుకోండి. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు నుంచి పురుగుమందు తాగి వచ్చేవాళ్లు వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉంటారు. పాము కాటుకు కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ మీద పడేవాళ్లు ఉంటారు. మద్యం వల్ల క్లోమం వాచి వచ్చేవాళ్లు, అల్సర్ పగిలి రెండు రోజులు ఊళ్లోనే నొప్పి ఓర్చుకుని చివరికి 108 ఎక్కేవాళ్లు. షుగర్ ఉందన్న సంగతే ఆసుపత్రిలో చేరాక తెలిసేవాళ్లు. కర్నూలుకైతే గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా వస్తారు. పైన చెప్పిన కారణాలన్నీ ఒకే మంచం మీద కలిసేది ఇలాంటి రోగుల దగ్గరే.

దానికి తోడు మన దగ్గర ఇంకో బాట ఉంది. ముందు ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చడం, పొలం తాకట్టు పెట్టిన డబ్బు అయిపోయాక పెద్దాసుపత్రికి మార్చడం. అలా వచ్చేసరికి సెంట్రల్ లైన్ వేసి వారమై ఉంటుంది. రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ పడి ఉంటాయి. వెంట వచ్చే కాగితం మీద ఇవేవీ ఉండవు. పేషెంటు పేరు, "సెప్సిస్", "హయ్యర్ సెంటర్‌కు రెఫర్ చేయడమైనది", అంతే. లైన్ ఏ రోజు వేశారో రాయరు, ఏ మందు ఎన్ని రోజులు వాడారో రాయరు, కల్చర్ (రక్తంలో ఏ క్రిమి ఉందో ల్యాబులో పెంచి చూసే పరీక్ష) పంపారో లేదో రాయరు. ముప్పు లెక్క కట్టడానికి కావలసిన వివరాలు సరిగ్గా అవే.

అలా ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి మారి వచ్చిన పెద్దాయన రక్తం సీసా మా ల్యాబుకు వచ్చింది. పేగు ఆపరేషన్ అయిన మనిషి. సీసాలో రక్తం అడుగున రెండు మిల్లీలీటర్లు ఉందేమో. ఎనిమిది నుంచి పది ఉండాలి. కొడుకు రోజూ పొద్దున్నే ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేవాడు. "సార్, మా నాయనకు జరం తగ్గల్యా. రిపోర్టులో ఏమొచ్చింది?" అని. రోజూ ఒకటే జవాబు: ఇంకా ఏమీ పెరగలేదు. పెరిగింది మూడో రోజు రాత్రి. స్లైడు మీద గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి చూస్తే బ్యాక్టీరియా కన్నా ఎంతో పెద్దవైన ఊదారంగు గుండ్రటి కణాలు, ఒక్కోదానికి పక్కన మొగ్గలా పుట్టుకొస్తున్న పిల్ల కణం. చూసిన క్షణంలో గుర్తుపట్టేస్తాం, సందేహం ఉండదు. వెంటనే వార్డుకు ఫోన్ చేశాం. ఆ రోజు సాయంత్రమే ఆయన పోయారని స్టాఫ్ నర్సు చెప్పింది. మన వార్డులో రాసిన కేస్ షీట్ తెప్పించుకుని చూస్తే సెంట్రల్ లైన్, కడుపు ఆపరేషన్, మెరోపెనెమ్, షుగర్, డయాలసిస్, ప్లేట్‌లెట్లు రోజు రోజుకూ తగ్గడం, అన్నీ తేదీలతో సహా రాసి ఉన్నాయి. సీసా మా దగ్గరికి రావడానికి ముందే ఉన్నాయి.

అందుకే రిపోర్టు మీద మాత్రమే ఆధారపడొద్దని ల్యాబులో ఉండే నేనే చెబుతున్నాను. రక్తం కల్చర్ లేకుండా పని జరగదు, కానీ అది లోతైన కాండిడా ఇన్ఫెక్షన్లలో దాదాపు సగాన్ని పట్టుకోలేదు. కడుపులోనో కాలేయంలోనో దాక్కుని అప్పుడప్పుడు మాత్రమే రక్తంలోకి వస్తే కల్చర్‌లో దొరకదు. దొరికినా సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. అది ఏ కాండిడా, ఏ మందుకు లొంగుతుంది అని తేలడానికి ఇంకో రోజో రెండు రోజులో. ఈలోపు ఏం జరుగుతుందో 2006లో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనం లెక్కతో సహా చూపింది. కల్చర్ తీసిన రోజే ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు మొదలుపెట్టిన వాళ్లలో నూటికి 15 మంది చనిపోయారు. ఒక రోజు ఆగితే 24, రెండు రోజులు ఆగితే 37, మూడు రోజులు గానీ ఆపైన గానీ ఆగితే 41. రిపోర్టు కోసం మనం ఎదురుచూసే రోజులు, ఈ రోజులు ఒకటే.

మరి అనుమానం ఉన్న అందరికీ ముందే మందు వేసేద్దామా? కొందరు సీనియర్లు ఈ మాట అంటారు, వాళ్ల తాపత్రయం నాకు అర్థమవుతుంది. కానీ దాన్నీ పరీక్షించి చూశారు. ఫ్రాన్స్‌లో చేసి 2016లో ప్రచురించిన ప్రయోగంలో సెప్సిస్‌తో, ఒంటి మీద పలుచోట్ల కాండిడాతో, అవయవాలు దెబ్బతింటున్న ఐసీయూ పేషెంట్లకు కల్చర్ రుజువు లేకుండానే సగం మందికి మికాఫంగిన్ అనే ఫంగస్ మందు ఇచ్చారు, మిగతా సగానికి ఇవ్వలేదు. కొత్తగా ఫంగస్ ఇన్ఫెక్షన్లు రావడం తగ్గింది గానీ, 28 రోజులకు ఇన్ఫెక్షన్ లేకుండా బతికి ఉన్నవాళ్ల లెక్కలో నమ్మదగిన తేడా తేలలేదు. కాస్పోఫంగిన్, మికాఫంగిన్ లాంటి మందులు వేలల్లో ఖర్చు. చవకైన ఫ్లుకోనజోల్‌ను అందరికీ పంచితే దానికి లొంగని జాతులు మిగిలి పెరుగుతాయి. నాలుగు మొక్కలకు పురుగు కనిపిస్తే చేనంతా మందు కొట్టి, చివరికి ఏ మందుకూ చావని పురుగును తెచ్చుకున్న అనుభవం మన పత్తి రైతులది. వార్డులోనూ అదే జరుగుతుంది.

కాబట్టి ఎవరికి రాబోతోందో, ఎవరికి రాదో ముందే వేరు చేయగలగాలి. దీని మీద ప్రపంచంలో చాలా పని జరిగింది. స్పెయిన్ డాక్టర్లు 2006లో కాండిడా స్కోర్ అనే తేలికైన లెక్క ఇచ్చారు. నరం ద్వారా ఆహారం ఎక్కిస్తుంటే ఒక పాయింటు, ఆపరేషన్ అయితే ఒకటి, శరీరంలో ఒకటికి మించిన చోట్ల కాండిడా దొరికితే ఒకటి, తీవ్రమైన సెప్సిస్ ఉంటే రెండు. మొత్తం మూడుకు చేరితే జాగ్రత్త పడాలి. పెన్నూ కాగితం చాలు. పీజీ విద్యార్థులందరికీ ఇది తెలుసు, పరీక్షల్లో రాస్తారు కూడా. వార్డులో మాత్రం దాదాపు ఎవరూ లెక్క కట్టరు.

అయితే దాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ అతికించమని నేను అడగడం లేదు. స్పెయిన్ ఐసీయూల్లో నరం ద్వారా ఆహారం ఎక్కించడం మామూలు సంగతి. మన వార్డుల్లో ఎక్కువమందికి ముక్కులో గొట్టం వేసి దాని ద్వారానే పాలు, జావ పోస్తాం. ఆ లెక్క తయారు చేసినప్పుడు అక్కడ వారం వారం పలుచోట్ల నుంచి శాంపిళ్లు తీసి కాండిడా ఉందేమో చూశారు, మనం చూడం. ఇలా నాలుగింటిలో రెండు అంశాలు మన దగ్గర ఖాళీగానే ఉండిపోతాయి. పైగా అక్కడ కాండిడా ఆల్బికన్స్ అనే జాతి ఎక్కువ. మన దేశపు అధ్యయనంలో మొదటి స్థానం కాండిడా ట్రాపికాలిస్‌ది, నూటికి 41 మందికి పైగా అదే. జాతి వేరు, రోగులు వేరు, వార్డు పద్ధతులు వేరు అయినప్పుడు లెక్క కూడా మన దగ్గరే సరిచూసుకోవాలి.

సరిచూసేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. దీన్ని అర్థం చేసుకోకుండా ఎవరైనా సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వస్తే మోసపోతాం. వెయ్యి మంది ఐసీయూ పేషెంట్లలో ఏడుగురికి రక్తంలో ఫంగస్ వస్తుందనుకుందాం. "మా ప్రోగ్రామ్ జబ్బు ఉన్నవాళ్లలో నూటికి 90 మందిని పట్టేస్తుంది, లేనివాళ్లలో నూటికి 90 మందిని సరిగ్గా లేదంటుంది" అని అమ్మేవాళ్లు అంటారు. వినడానికి బాగుంది. కానీ లెక్క వేసి చూడండి. ఏడుగురిలో ఆరుగురిని పడుతుంది. జబ్బు లేని 993 మందిలో 99 మందికి కూడా హెచ్చరిక గంట కొడుతుంది. అంటే 105 సార్లు గంట మోగితే నిజమైనవి ఆరే. మోగేవన్నీ దాదాపు ఉత్తుత్తి గంటలే అయితే నర్సు నెల తిరగకముందే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆమె తప్పేమీ లేదు.

ఇదే లెక్కను రెండో వైపు నుంచి చూస్తే దాని అసలు విలువ తెలుస్తుంది. గంట మోగని 895 మందిలో జబ్బున్నది ఒక్కరికే. అంటే ఈ లెక్కలు ఎవరికి ఫంగస్ మందు అవసరం లేదో చాలా గట్టిగా చెప్పగలవు. అంత ఖరీదైన మందు ఎవరికి ఆపొచ్చో, ఎవరికి మొదలే పెట్టక్కర్లేదో చెప్పడం చిన్న సాయం కాదు. గంట మోగిన 105 మందికీ మందు వేయమని కాదు. వాళ్లను ఆ రోజు రౌండ్స్‌లో విడిగా చూడాలి. లైన్ ఇంకా అవసరమా, తీసేయొచ్చా అని అడగాలి. రెండు వేర్వేరు చోట్ల నుంచి నిండుగా రక్తం తీసి కల్చర్‌కు పంపాలి. వీలుంటే బీటా డీ గ్లూకాన్ పరీక్ష చేయించాలి. ఫంగస్ కణం గోడలో ఉండే పదార్థాన్ని కొలిచే పరీక్ష అది. నెగటివ్ వస్తే ధైర్యంగా మందు ఆపొచ్చు. పాజిటివ్‌ను మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి, ఎందుకంటే కొన్ని రకాల డయాలసిస్ ఫిల్టర్లు, ఆల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్, గాయంలో పెట్టిన గాజుగుడ్డ కూడా దాన్ని పెంచుతాయి. మా ల్యాబు నుంచి ఆ శాంపిల్ ఇప్పటికీ హైదరాబాద్ వెళ్తోంది. జవాబు వచ్చేసరికి దాని ఉపయోగం సగం పోతుంది. మూడు జిల్లాలకూ కలిపి ఒక్కచోట ఆ పరీక్ష పెట్టినా ఎంతో మేలు.

ఇక కంప్యూటర్ల సంగతి. మెషీన్ లెర్నింగ్ మీద నాకు వ్యతిరేకత లేదు. లైన్ ఎన్ని రోజులుగా ఉంది, యాంటీబయాటిక్స్ ఎన్ని మారాయి, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, ఆల్బుమిన్ ఏ దిక్కుకు పోతున్నాయి, ఇలాంటి పాతిక అంశాల్ని ఒకేసారి గుర్తు పెట్టుకోవడం రాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్‌కు సాధ్యం కాదు, కంప్యూటరుకు సాధ్యం. కానీ అది మనం రాసిన దాన్నుంచే నేర్చుకుంటుంది. మన దగ్గర డాక్టరుకు అనుమానం వచ్చినప్పుడే కల్చర్ పోతుంది. పంపని వాళ్లందరూ రికార్డులో "జబ్బు లేనివాళ్లు" కిందే లెక్క. ఆ రికార్డు పెట్టి నేర్పితే కంప్యూటర్ నేర్చుకునేది జబ్బును కాదు, డాక్టరు అనుమానాన్ని. ఎవరినైతే మనం మిస్ అవుతున్నామో, వాళ్లనే అదీ మిస్ అవుతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. డాక్టరు ఫంగస్ మందు రాసిన తర్వాతి వివరాలు గనక అందులో కలిసిపోతే, జరిగిపోయిన దాన్ని చూసి చెప్పినా అది కాగితం మీద గొప్పగా కనిపిస్తుంది. మంచం దగ్గర పనికిరాదు. ఎవరు ఏ ప్రోగ్రామ్ తెచ్చినా మొదట మూడు ప్రశ్నలు అడగండి: ఏ దేశపు, ఏ ఆసుపత్రి రోగుల మీద తయారైంది? కల్చర్ పంపని వాళ్లను ఏ లెక్కలో వేశారు? వంద గంటల్లో నిజమైనవెన్ని? జవాబు సూటిగా రాకపోతే వెనక్కి పంపేయండి.

ముందు మన రికార్డు మనం బాగు చేసుకోవాలి. ఐసీయూ మంచానికి ఒక కాగితం పెట్టండి. మూడో రోజు నుంచి మొదలుపెట్టి రోజుకొక అడ్డవరస నింపితే చాలు: లైన్ ఉందా, ఎన్నో రోజు, ఎన్ని యాంటీబయాటిక్స్, ఎన్ని రోజులుగా, కడుపు ఆపరేషన్, డయాలసిస్, వెంటిలేటర్, స్టెరాయిడ్, షుగర్, జ్వరం, బీపీ మందు, ప్లేట్‌లెట్లు, కల్చర్ పంపామా. టిక్కులూ అంకెలే, వ్యాసాలు రాయక్కర్లేదు. నింపాల్సింది నర్సులే అనకండి, వాళ్ల మీద ఇప్పటికే మోయలేనంత బరువుంది. పీజీలకు అప్పగించండి. మూడు కాలేజీల్లో ఏటా థీసిస్‌లకు విషయాలు వెతుక్కునే పిల్లలున్నారు. వాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే విషయం దొరకదు. పేర్లు తీసేసి, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని మూడు చోట్ల వివరాలు ఒకచోట చేరిస్తే, ఏ ఒక్క ఆసుపత్రికీ విడిగా రానంత సంఖ్య మూడింటికీ కలిపి వస్తుంది.

ఆ కాగితంలో ముప్పు ఎక్కువ అని తేలినవాళ్లకు డాక్టరు అనుమానంతో పనిలేకుండా కల్చర్ పంపాలి. సీసా అంటే నిండు సీసా. రెండు మిల్లీలీటర్ల రక్తంలో ఫంగస్ దొరకలేదంటే దానికి అర్థం లేదు. సరిపడా సీసాలు లేవని వార్డు అంటుంది, పంపేవాళ్లు లేరని స్టోర్ అంటుంది, రాత్రి తొమ్మిది తర్వాత తీసుకునేవాళ్లు లేరని ల్యాబు అంటుంది. ఈ మూడూ సూపరింటెండెంటు గారి ఒక్క సర్క్యులర్‌తో కదిలే పనులే. కాండిడా పెరిగిందని గ్రామ్ స్టెయిన్‌లో కనిపించిన నిమిషంలోనే ఫోన్ వెళ్లాలి, టైపు చేసిన రిపోర్టు కోసం ఆగకూడదు. వార్డు వైపు నుంచి కూడా ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. రక్తంలో కాండిడా ఒక్క సీసాలో వచ్చినా అది నిజమే. బయటి నుంచి పడిందేమోలే అని ఎప్పుడూ వదిలేయకూడదు. అదే మూత్రంలోనో కఫంలోనో కనిపిస్తే చాలాసార్లు ఊరికే ఉన్నదే. దానికి కంగారుపడి మందు రాయక్కర్లేదు. మన దగ్గర తరచూ దీనికి తలకిందులుగా జరుగుతోంది.

మందు గురించి. రక్తంలో కాండిడా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మొదట వాడాల్సింది కాస్పోఫంగిన్, మికాఫంగిన్ లాంటి ఎకినోకాండిన్ రకం మందులని 2016 నుంచీ అమెరికా మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. రాష్ట్ర వైద్య సేవల సంస్థ ద్వారా వచ్చే సరఫరాలో అవి ఎప్పుడూ కొన్ని చేతిలో ఉండాలి. రాత్రి పూట తాలూకు వాళ్లకు చీటీ రాసిచ్చి మెడికల్ షాపుల చుట్టూ తిప్పకూడదు. మందు మొదలుపెట్టాక మళ్లీ కల్చర్లు తీయాలి, నెగటివ్ వచ్చిన రోజు నుంచి రెండు వారాలు కొనసాగించాలి, కళ్లు తప్పకుండా చూపించాలి. కంటి విభాగం మెట్లు దిగితే అక్కడే ఉంది, కానీ ఈ పరీక్ష అడిగే కాగితం చాలా కేసుల్లో వెళ్లదు. చూపు పోయాక అడిగి లాభం లేదు.

కాండిడా ఆరిస్ అనే జాతి గురించి విడిగా చెప్పాలి. జపాన్‌లో 2009లో మొదటిసారి గుర్తించారు, మన దేశంలో 2013 నాటికే రిపోర్టయింది, 2017లో భారత వైద్య పరిశోధన మండలి ఆసుపత్రులన్నిటినీ హెచ్చరించింది, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫంగస్‌లలో అత్యంత ప్రమాదకరమైన నాలుగింటి జాబితాలో చేర్చింది. ఫ్లుకోనజోల్‌కు చాలావరకు లొంగదు. మంచం కమ్మీల మీద, బీపీ పట్టీ మీద వారాల తరబడి బతికి ఉంటుంది, పక్క పేషెంటుకు పాకుతుంది. పాత పద్ధతుల్లో పరీక్షిస్తే వేరే జాతిగా పొరపడతాం. ఎవరికైనా అది ఉందని తేలితే, ఆ వార్డులో మిగతా అందరి ముప్పు లెక్కా ఆ రోజే మారిపోవాలి. క్లోరిన్ ద్రావణంతో మంచాలు తుడవాలి. ఈ ఒక్క జాతి ఖచ్చితంగా తేలడానికి కావలసిన మాల్డీ టాఫ్ యంత్రం మూడు చోట్లా పెట్టలేకపోయినా ఒకచోట ఉన్నా చాలు, మిగతా ఇద్దరం శాంపిళ్లు పంపుకుంటాం.

నెలలు నిండని పసిబిడ్డలకు ఈ లెక్కలేవీ పనికిరావు. వాళ్లకు బరువు, ఎన్ని వారాలకు పుట్టారు, బొడ్డు సిరలో లైన్ ఎన్ని రోజులుంది, ఇలా వేరే లెక్క కావాలి. అది పిల్లల విభాగం వాళ్లు తయారు చేయాల్సిందే, నేను చెప్పేది కాదు.

2021 మే నెలను గుర్తు చేసుకోండి. కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం రోజుల వ్యవధిలో దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. కేసుల లెక్క రోజూ పైకి వెళ్లింది, ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం అధికారులు రాత్రింబవళ్లు వెంటపడ్డారు. అదంతా మన ఆసుపత్రులే చేశాయి. ఆ జబ్బు ముఖం మీద కనిపించింది, కన్ను వాచింది, టీవీలో వచ్చింది. రక్తంలో కాండిడాకు ముఖం మీద ఏ గుర్తూ ఉండదు. చనిపోయినవాళ్ల కాగితం మీద "సెప్సిస్, బహుళ అవయవ వైఫల్యం" అని ఉంటుంది, ఫంగస్ అన్న మాట ఎక్కడా ఉండదు. కుటుంబానికి తెలియదు, జిల్లాకు తెలియదు. ఏడాదికి మన మూడు ఆసుపత్రుల్లో ఎందరికి ఇలా జరుగుతోందో ఎవరు అడిగినా ఒక అంకె చెప్పగలిగే స్థితిలో మనం ఉండాలి. ఈ లేఖ రాయడానికి నన్ను అన్నిటికన్నా ఎక్కువగా నెట్టింది ఇదే.

పేషెంటు తాలూకు వాళ్లకు కూడా ఒక మాట. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మారుతున్నప్పుడు బిల్లుతో పాటు సమ్మరీ అడిగి తీసుకోండి. మెడ దగ్గరి లైన్ ఏ తేదీన వేశారు, ఏయే యాంటీబయాటిక్స్ ఎన్ని రోజులు పడ్డాయి, కల్చర్ పంపారా, అని రాయించుకోండి. రాయకపోతే మందుల చీటీలైనా పారేయకుండా సంచిలో పెట్టుకుని రండి. వాటిని చూసి మేం చాలా తెలుసుకోగలం. ప్రైవేటు ఆసుపత్రుల డాక్టర్లకు కూడా ఇదే విన్నపం. రెఫరల్ కాగితం మీద ఈ మూడు వాక్యాలు రాయడానికి రెండు నిమిషాలు చాలు.

నేను చేయగలిగింది చెబుతాను. మంచానికొక కాగితం నమూనా తయారు చేసి పెట్టాను. ఏ విభాగం అడిగినా పంపుతాను, మీ వార్డుకు తగ్గట్టు మార్చుకోవచ్చు. రక్తం సీసా నింపడం, చర్మం శుభ్రం చేయడం, లేబుల్ మీద తీసిన సమయం రాయడం గురించి హౌస్ సర్జన్లకు, స్టాఫ్ నర్సులకు క్లాసు తీసుకోమంటే ఏ ఆదివారమైనా కర్నూలు నుంచి అనంతపురానికి గానీ కడపకు గానీ వస్తాను. సూపరింటెండెంట్లు ముగ్గురూ కలిసి ఒక తేదీ నిర్ణయించి, ఒక్కో ఆసుపత్రి నుంచి ఒక ఐసీయూ డాక్టరును, ఒక మైక్రోబయాలజిస్టును, ఒక సీనియర్ నర్సును పంపితే, తొమ్మిది మంది ఒక పూట కూర్చుని ఆ కాగితం ఖరారు చేయొచ్చు. వచ్చే నెల ఒకటో తేదీ నుంచే మొదటి అడ్డవరస నింపొచ్చు. మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక మైక్రోబయాలజిస్టు